నాన్నగారి షష్టిపూర్తికి స్క్రాప్‌బుక్ చేద్దామనుకుంటున్నా: పాత ఆల్బమ్ నుంచి ఫోటోలు తీయడం, స్టిక్కర్లు, బైండింగ్ గురించి సలహాలు కావాలి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా నాన్నగారి షష్టిపూర్తి. శాలువాలు, వెండి గిన్నెలు ఎలాగూ అందరూ తెస్తారు కాబట్టి నేను చేత్తో ఒక స్క్రాప్‌బుక్ చేసి ఇద్దామనుకుంటున్నా. కరిజ్మా ఆల్బమ్ (ఫోటోలు పేజీల మీదే అచ్చేసి ఇచ్చేది) వద్దు, అది ఫంక్షన్ ఫోటోగ్రాఫర్ ఎలాగూ ఇస్తాడు, నాకు కావాల్సింది ఫోటో పక్కన నాలుగు ముక్కలు రాసి, స్టిక్కర్లు అవీ పెట్టి, మా అమ్మ కూడా కూర్చుని పేజీలు తిప్పేలా ఉండేది. ఫోటోలు చాలావరకు 80లవి, 90లవి. కొన్ని నల్ల అట్టల ఆల్బమ్‌లో మూలలకి గుచ్చి ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు. మిగతావన్నీ ఆ జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నాయి, పైన ప్లాస్టిక్ కాగితం ఎత్తి ఫోటో అంటించి మళ్ళీ మూసేస్తామే, అది. ఇప్పుడు ఫోటో లాగితే రావట్లేదు, మూల వంగిపోతోంది, భయమేసి వదిలేశా.

ఇంకో సంగతి, స్టిక్కర్లు ఎక్కడ కొనాలి, ఎన్ని పెట్టాలి, పెద్దవాళ్ళ పుస్తకానికి యూనికార్న్‌లు, కప్‌కేక్‌లు బాగుంటాయా చెప్పండి. షాపుల్లో అవే ఉన్నాయి మరి. ఉండేది హైదరాబాద్‌లో.

పాతకాగితం
అమ్మా, ముందు ఒక మాట. అసలు ఫోటోలు స్క్రాప్‌బుక్‌లో అంటించొద్దు. కాపీలు తీయించి అవి అంటించండి. అసలువి విడిగా కవర్లలో దాచండి. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను, జిగురు, టేపు, గుండుసూది, ఈ మూడింటి వల్ల పాడైన కాగితం చెదలు తిన్నదానికంటే తక్కువేం చూడలేదు.

జిగురు పేజీల్లోంచి తీసే పద్ధతి: పైన ప్లాస్టిక్ నెమ్మదిగా పూర్తిగా ఎత్తేయండి. ఫోటోని వేళ్ళతో పట్టి వంచొద్దు. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారం ఉంటుంది కదా, మందుల షాపులో దొరుకుతుంది, వాసనా రుచీ లేనిది తీసుకోండి. ఒక జానెడు తెంపి రెండు చేతులతో బిగువుగా పట్టుకుని, ఫోటో మూల కిందకి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తూ ముందుకి జరపండి. దారం జిగురుని కోసుకుంటూ వెళ్తుంది, ఫోటో బల్లపరుపుగానే ఉంటుంది. తొందరపడొద్దు. ఎక్కడైనా దారం ఆగిపోతే అక్కడ బలవంతం చేయకుండా ఇంకో మూల నుంచి మొదలెట్టండి. అప్పటికీ రాకపోతే చుట్టూ పేజీని కత్తిరించి అట్టతో సహా ఉంచేసుకోండి, కాపీకి ముందు వైపు కనిపిస్తే చాలు కదా.

కత్తెర_జిగురు
పాతకాగితం గారి మాటే నాదీ. హెయిర్ డ్రైయర్‌తో వెనక నుంచి కొంచెం వేడి తగిలిస్తే జిగురు మెత్తబడి ఇంకా త్వరగా వస్తుంది, నేను అలాగే చేస్తాను, ‘లో’లో పెట్టి.

పాతకాగితం
కత్తెర గారూ, దానికి నేను ఒప్పుకోను. వేడికి ఫోటో చుట్ట చుట్టుకుంటుంది, 80ల రంగుల ఫోటోల పైపొర జెలటిన్, అది మెత్తబడితే ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. వెనక అట్ట దళసరిగా ఉంటే వేడి లోపలికి చేరకముందే మీరు ఇంకా పెంచుతారు. దారంతో వచ్చేదానికి వేడి ఎందుకు?

కత్తెర_జిగురు
సరే మాస్టారూ, ఒప్పుకున్నా 😀 స్టిక్కర్లు ఊడదీయడానికి మాత్రం డ్రైయర్ వాడతా, అడ్డుచెప్పకండి.

స్టూడియో_బాబాయ్
తెనాలిలో ముప్ఫై ఏళ్ళ పైనుంచి స్టూడియో నడుపుతున్నాను, నాక్కూడా రెండు ముక్కలు చెప్పనివ్వండి.

అమ్మాయ్, ముందు ఇంట్లో నెగెటివ్‌లు ఉన్నాయేమో వెతుకు. ల్యాబ్ కవర్‌లో ఫోటోల వెనకాల ఇంకో చిన్న అరలో పెట్టి ఇచ్చేవాళ్ళం, చాలామంది ఆల్బమ్‌లోకి ఫోటోలు మార్చి కవర్ అటక మీద పడేశారు. నెగెటివ్ దొరికితే ప్రింటు స్కాన్ చేయడం దండగ, నెగెటివ్ నుంచే స్కాన్ చేయిస్తే దానిలో ఉన్న వివరం ప్రింటులో సగం కూడా ఉండదు. ఆ కాలం రంగుల ప్రింట్లు ఎర్రబడిపోతాయి, గమనించే ఉంటావు, వాటిలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోతుంది కాబట్టి మిగిలింది ఎర్రగా కనబడుతుంది. నలుపు తెలుపు ఫోటోలు మాత్రం మీ తాతగారివి కూడా ఇంకా గట్టిగానే ఉంటాయి చూడు, వాటిలో ఉండేది వెండి.

నెగెటివ్ లేకపోతే ఫోటోని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల లెక్కన) స్కాన్ చేయించు. 2×3 అంగుళాల చిన్న ఫోటో 600లో స్కాన్ చేస్తే 1200×1800 పిక్సెల్స్ వస్తుంది, దాన్ని 4×6కి పెంచి ప్రింటు వేసినా 300 డీపీఐ ఉంటుంది, అంటే బొమ్మ గళ్ళు గళ్ళుగా పగలదు. అదే ఫోటో మొబైల్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే నా దగ్గరకి వచ్చేసరికి ముఖం అలుక్కుపోయి ఉంటుంది, తర్వాత మా ప్రింటు బాలేదంటారు. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపు, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళు.

ఓరుగల్లు_పోరడు
స్కానర్ లేనోళ్ళు గూగుల్ వాళ్ళ ఫోటోస్కాన్ యాప్ చూడండి, నాలుగు చుక్కల మీద ఫోన్ జరపమంటుంది, నాలుగు కోణాల్లో తీసి మెరుపు లేకుండా కలుపుతది. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట. ఫ్లాష్ వద్దే వద్దు.

కానీ ఒక విషయం. అన్నా, అక్కా, ఎవరైనా సరే, పాత ఫోటోల్ని ఆ ఏఐ యాప్‌లల్ల వేసి ‘క్లియర్’ చేయకుండ్రి. మా పెదనాయన ఫోటో వేస్తే కండ్లు, పండ్లు మంచిగ మెరుస్తున్నయి, కానీ ఆయన మా పెదనాయన కాదు, ఎవరో టీవీ సీరియల్ హీరో. గీత పోగొట్టడం, రంగు సరిచేయడం వేరు, ముఖం కొత్తగా చేయడం వేరు.

స్టూడియో_బాబాయ్
నూటికి నూరు పాళ్ళు కరెక్ట్ తమ్ముడూ. మా దగ్గరికీ ఆ ఫోటోలతోనే వస్తున్నారు ఫ్రేము కట్టమని, దండ వేయడానికి. ముసలమ్మ పక్కన కూర్చుని ‘ఈయనెవరు’ అంటుంది.

మాస్టారి_కోడలు
నేను స్టిక్కర్ల గురించి చెప్తా, ఎందుకంటే మా ఇంట్లో రెండు స్కూలు పిల్లల ప్రాజెక్టులన్నీ నేనే చేస్తా, (ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ‘అమ్మా రేపు స్క్రాప్‌బుక్ సబ్మిట్ చేయాలి’ అనే జాతి). గోదారి గారూ, యూనికార్న్‌లు కొనకండి. బేగంబజార్ వెళ్ళండి, శుభకార్యాల డెకరేషన్ సామాను అమ్మే వరస ఉంటుంది కదా, అక్కడ కుందన్ రాళ్ళ స్టిక్కర్లు, గోల్డు లేసులు, అరిటాకు కలశం బొమ్మలు, చిన్న చిన్న పందిరి పూలు గుట్టలుగా ఉంటాయి. సారె పళ్ళాలు అలంకరించడానికి అమ్మేవే. ప్యాకెట్ లెక్కన ఇస్తారు కాబట్టి స్టేషనరీ షాపు కంటే చాలా తక్కువ పడుతుంది.

ఇంకోటి, ఇంట్లో పాత శుభలేఖలు పారేయకండి. వినాయకుడు, తాళిబొట్టు, పల్లకీ, నెమలి, అన్నీ బంగారు రంగులో ఉబ్బెత్తుగా అచ్చేసి ఉంటాయి, సన్న కత్తెరతో కోస్తే అంతకంటే మంచి స్టిక్కరు ఏ షాపులోనూ దొరకదు. మీ నాన్నగారి పెళ్ళి శుభలేఖ ఉంటే మాత్రం కోయొద్దు, కలర్ జిరాక్స్ తీయించి అది కోయండి.

కత్తెర_జిగురు
శుభలేఖ ఐడియా సూపర్. నేను బొట్టు స్టిక్కర్లు వాడతా. నవ్వకండి. నల్ల షీటు మీద తెల్ల జెల్ పెన్నుతో చుక్కల ముగ్గు వేసి, చుక్కల చోట చిన్న ఎర్ర బొట్టుబిళ్ళలు పెడితే పేజీ మొత్తానికి ఇంకేం అక్కర్లేదు. మధ్యలో ఖాళీ ఉంచి అందులో ఒకే ఒక ఫోటో. అమ్మమ్మ గారి పేజీకి అది వేసి చూడండి. బొట్టుబిళ్ళ జిగురు ఫోటో మీదకి మాత్రం రానివ్వకండి, అది కాగితం వరకే.

స్టిక్కర్లు మీరే చేసుకోవచ్చు కూడా. కావలసిన బొమ్మలు, మీ ఊరి గోదారి బ్రిడ్జి, నాన్నగారి స్కూటరు, ఏవైనా ఒక ఏ4 పేజీలో సర్ది, జిరాక్స్ షాపులో ‘స్టిక్కర్ షీట్ మీద కలర్ లేజర్ ప్రింట్’ అని అడగండి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరుతో వేస్తే చెమట చెయ్యి తగిలినా రంగు కారుతుంది, లేజర్ అయితే కారదు. కోసేటప్పుడు బొమ్మ చుట్టూ రెండు మిల్లీమీటర్లు తెల్ల అంచు వదిలితే కొన్న స్టిక్కరులాగే ఉంటుంది.

డాలస్_అక్క
నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడ ఇది పెద్ద హాబీ. మామూలు సైజు 12×12 అంగుళాలు, ఆల్బమ్‌లు, కాగితాలు, స్టిక్కర్లు, అన్నీ ఆ సైజుకే. ఈ పిచ్చి ఇంత పెరగడానికి మూలం యూటా రాష్ట్రం అంటారు, 1980లో సాల్ట్ లేక్ సిటీలో వంశవృక్షాల మీద జరిగిన పెద్ద సదస్సులో మారియెలెన్ క్రిస్టెన్సెన్ అనే ఆవిడ తన కుటుంబం ఆల్బమ్‌లు ప్రదర్శనకి పెట్టింది, అక్కడి నుంచి ఊపందుకుంది. మా ఊళ్ళో ఇలాంటి సామాను కొనే జోఆన్ స్టోర్లు 2025లో దేశమంతా మూసేశారు, ఇప్పుడు మైకేల్స్, హాబీ లాబీ అనే షాపులే దిక్కు. స్టిక్కర్లు పంపమంటే పంపుతా గోదారీ, కానీ ఇక్కడివన్నీ క్రిస్మస్ చెట్లూ గుమ్మడికాయలూ! మన పెళ్ళి, మన పండగ, మన వాకిలి ఎక్కడా ఉండవు. నేనే ఇండియా వచ్చినప్పుడు శుభలేఖలు, చీర పెట్టెల మీది బొమ్మలు ఏరుకుని తెచ్చుకుంటా.

12×12 మాత్రం నీకు వద్దు. ఇండియాలో ఆ సైజు కాగితం, కవర్లు దొరకడం కష్టం, ఏ4 పెట్టుకో. ఏ జిరాక్స్ షాపు వాడైనా బైండింగ్ చేస్తాడు.

గోదారిగట్టు
అబ్బా, ఇంతమంది స్పందిస్తారనుకోలేదు, థ్యాంక్స్ అందరికీ. బేగంబజార్ ఈ ఆదివారమే వెళ్తా. మరి కాగితం ఏది కొనాలి? చార్ట్ షీట్ సరిపోతుందా? అంటించడానికి ఫెవికాల్?

మాస్టారి_కోడలు
ఆదివారం హోల్‌సేల్ షాపులు చాలావరకు మూసే ఉంటాయండీ, మామూలు రోజు పొద్దున వెళ్ళండి.

పాతకాగితం
చార్ట్ షీట్ వద్దు. స్కూలు చార్ట్ రంగులు ఎండకి ఏడాదిలో వెలుస్తాయి, కాగితం కూడా నాసిరకం. న్యూస్‌పేపరు పసుపెక్కడం చూశారు కదా, చెక్క గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం గాలికీ వెలుతురుకీ మారడం వల్ల అలా అవుతుంది, చవక అట్టల్లోనూ అదే ఉంటుంది. ‘యాసిడ్ ఫ్రీ’ అని రాసి ఉన్న ఆర్ట్ పేపరు కొనండి, కోఠి, ఆబిడ్స్ వైపు ఆర్ట్ సామాను షాపుల్లో దొరుకుతుంది. 200 జీఎస్‌ఎమ్‌కి (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) తగ్గొద్దు, పేజీకి రెండు మూడు ఫోటోలు, బరువైన స్టిక్కర్లు అనుకుంటే 250-300 తీసుకోండి.

ఫెవికాల్‌లో నీళ్ళు ఉంటాయి. కాగితం తడిసి ఆరేటప్పుడు ముడతలు పడుతుంది, ఫోటో కూడా దాంతోపాటు వంగుతుంది. చెక్కకి మంచిది, ఫోటోకి కాదు. మైదా జిగురు అసలే వద్దు, సిల్వర్‌ఫిష్ పురుగులకి పిండి అంటే ప్రాణం. సినిమా పోస్టర్లవాళ్ళు మైదాలో మైలుతుత్తం కలిపేది ఊరికే కాదు.

కత్తెర_జిగురు
కాపీ ఫోటోలకి సన్న డబుల్ సైడ్ టేపు, నాలుగు మూలలా చిన్న ముక్కలు. పెద్ద ఫోటో అయితే మధ్యలో ఒకటి. కాగితం ముక్కలకి గ్లూ స్టిక్. కుందన్లు, రాళ్ళు లాంటి బరువైనవి ఊడిపోతుంటే వాటికి మాత్రం ఫెవికాల్ చుక్క, టూత్‌పిక్‌తో. ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వొద్దు, తెల్లటి పొగమచ్చ వస్తుంది పక్కనంతా.

అసలు ఫోటో ఏదైనా పెట్టి తీరాలి అనుకుంటే, మన నల్ల ఆల్బమ్‌లో లాగా కాగితం మూలలు, ఫోటో కార్నర్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫోటోకి జిగురు తగలదు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు.

ఉప్పుగాలి
కాకినాడ నుంచి. మీరంతా హైదరాబాద్ పొడి గాలిలో కూర్చుని చెప్తున్నారు, మా వైపు సంగతి వేరండీ. వానాకాలంలో బీరువాలో పెట్టిన ఆల్బమ్ తీస్తే పేజీకి పేజీ అంటుకుని, ఫోటోల మీద బూజు చుక్కలు. సముద్రం పక్క ఊళ్ళో ఉన్నవాళ్ళు స్టేప్లర్ పిన్ను, ఇనప క్లిప్పు పెట్టొద్దు, తుప్పు మరక కాగితం అవతలికి దిగుతుంది. పేజీకి పేజీకి మధ్య బటర్ పేపరు పెట్టుకోండి. గోడకి ఆనించిన బీరువా కింద అరలో కాకుండా పై అరలో నిలబెట్టి పెట్టండి. ఎండాకాలం ఓసారి తీసి నీడలో, ఫ్యాన్ కింద పేజీలు తిప్పి గాలాడనివ్వండి.

కలరా ఉండలు వేయొచ్చా అని ఒకరు అడిగారు నన్ను, ఎవరైనా చెప్పండి.

పాతకాగితం
వేయొద్దు. ఆ ఆవిరి ప్లాస్టిక్ కవర్లని మెత్తబరుస్తుంది, మనుషులకీ మంచిది కాదు. సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, రంగు మారే రకం అయితే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

ప్లాస్టిక్ గురించి కూడా: కవర్లు కొనేటప్పుడు పీవీసీ వద్దు. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ అనుకోండి. దాన్నుంచి కాలక్రమంలో ఆమ్లం, మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం బయటికి వస్తాయి, ఫోటో దానికి అంటుకుపోతుంది. పాలీప్రొపిలీన్, పాలిస్టర్ అని రాసి ఉన్నవి మంచివి. ఉబ్బెత్తు స్టిక్కర్లు, మెత్తగా స్పాంజిలా ఉండేవి చాలావరకు ఇలాంటి సరుకే, కాబట్టి ఎదురు పేజీలో వాటికి సరిగ్గా ఎదురుగా ఫోటో రాకుండా చూసుకోండి. పుస్తకం మూస్తే అవి ముఖానికి నొక్కుకుంటాయి.

గోదారిగట్టు
ఇది నాకు తట్టనే లేదు! ఎదురు పేజీ సంగతి. సరే, ఇప్పుడు అసలు ప్రశ్న, పేజీ ఎలా సర్దాలి? నేను డెమో పేజీ చేశా, ఆరు ఫోటోలు, చుట్టూ పూలు, మా చెల్లి చూసి ‘ఆటో వెనకాల అద్దంలా ఉంది’ అంది.

కత్తెర_జిగురు
హహ, చెల్లెళ్ళు అలాగే అంటారు. ఆరు ఫోటోలు ఎక్కువండీ ఏ4కి. ఒకటి పెద్దది, 4×6, దాని పక్కన ఒకటో రెండో చిన్నవి, అంతే. పెద్ద ఫోటో కింద ఫోటో కంటే నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా వేరే రంగు కాగితం వేసి అంటించండి, ఒక్కసారిగా ఫోటో లేచి కనిపిస్తుంది. ఎర్రబడ్డ పాత ఫోటోకి ఎర్ర కాగితం వేయకండి, ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. లేత బూడిద, పాలమీగడ రంగు, లేదా నలుపు.

స్టిక్కర్లు పేజీ అంతా చల్లొద్దు. ఒక మూల గుంపుగా మూడు, దానికి ఎదురు మూల ఒకటి. ఫోటోలో మనిషి ఎటు చూస్తున్నాడో ఆ వైపు ఖాళీ ఉంచి రాత అక్కడ రాయండి. అన్నీ ఊరికే పెట్టి చూసి, మొబైల్‌తో ఫోటో తీసుకుని, మర్నాడు ఆ ఫోటో చూసి బాగుందనిపిస్తేనే అంటించండి. జిగురు చివర్న.

మాస్టారి_కోడలు
నేను మాత్రం ఎక్కువే పెడతా అండీ. చూసేవాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళకి తళతళ కావాలి. మా అత్తగారికి చేసిన పుస్తకంలో ఒక పేజీ నిండా చమ్కీలే, ఆవిడ వచ్చినవాళ్ళందరికీ ఆ పేజీయే తీసి చూపిస్తారు. పత్రికల్లో చూపించే తెల్ల తెల్ల ఖాళీ పేజీలు చూస్తే ‘కాగితం మిగిలిపోయిందా’ అంటారు.

కత్తెర_జిగురు
అది అత్తగారి అభిరుచి అయితే నేనేం అనను 🙏 కానీ చమ్కీ పొడి వద్దు, రాలి పక్క పేజీ ఫోటోల మీద గీతలు పెడుతుంది. అంటించే చమ్కీలైతే ఓకే.

పాతకాగితం
మీ ఇద్దరి గొడవలో అసలు సంగతి పోతోంది. రాత. స్టిక్కరు ఎక్కువైనా తక్కువైనా ఎవరూ ఏమీ అనరు గానీ, ఫోటోలో ఎవరున్నారో రాయకపోతే మీ పిల్లల కాలానికి ఆ పుస్తకం ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఆల్బమ్ అవుతుంది. గోదారి గారూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారు? మేనత్తలు, పెద్దమ్మలు? ఫోటోలు అంటించే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి, లేదా వీడియో కాల్ చేయండి, ఒక్కో ఫోటో చూపించి వాళ్ళు మాట్లాడేది ఫోన్‌లో రికార్డ్ చేయండి. ‘ఈ చీర మీ తాత బందరు నుంచి తెచ్చాడు’ లాంటి మాటలు వాళ్ళకే తెలుసు. వాళ్ళ మాటలే యథాతథంగా రాయండి, మీరు కవిత్వం రాయకండి దయచేసి.

గ్రూపు ఫోటోలు ఉంటాయి కదా, పెళ్ళిలో ఇరవై ముప్ఫై మంది నిలబడ్డవి. ఫోటో మీద బటర్ పేపరు పరిచి, తలల ఆకారాలు మాత్రం పెన్సిల్‌తో పైపైన గీసి (గట్టిగా నొక్కితే ఫోటో మీద గాడి పడుతుంది, కాపీ మీదే చేయండి), ఒక్కో తలలో అంకె వేసి, పక్కన 1 ఫలానా, 2 ఫలానా అని రాసుకోండి. ఆ బటర్ పేపరు ఫోటో పైన ఒక అంచు మాత్రం అంటించి తెరలా వదిలేస్తే ఎత్తి చూసుకోవచ్చు.

ఉప్పుగాలి
ఈ బటర్ పేపరు ఐడియా నేను ఎత్తేస్తున్నా. మా ఇంట్లో ఒక ఫోటోలో ఉన్న పిల్లాడు ఎవరని రెండు వైపులా చుట్టాలు కొట్టుకుంటున్నారు.

డాలస్_అక్క
రాతకి పెన్ను సంగతి. బాల్ పెన్నుతో ఫోటో వెనక రాస్తే ముందుకి గాట్లు కనిపిస్తాయి, కొన్ని జెల్ పెన్నుల ఇంకు నీళ్ళు తగిలితే పోతుంది. ‘పిగ్మెంట్ ఇంకు’ అని రాసి ఉన్న సన్న డ్రాయింగ్ పెన్నులు కొనుక్కో, ఇంజినీరింగ్ పిల్లల స్టేషనరీలో ఉంటాయి.

రాతలో నాన్నగారివీ, అమ్మగారివీ చేతిరాతలు పెట్టడం మర్చిపోకు. పాత ఇన్‌లాండ్ లెటర్లు ఉంటాయిగా, ఆ నీలం కవర్లు. కలర్ కాపీ తీసి, పేజీ మీద ఒక జేబు చేసి అందులో మడిచి పెట్టు, తెరిచి చదువుకునేలా. నా దగ్గర మా నాన్న ఉద్యోగం వచ్చిందని ఇచ్చిన టెలిగ్రామ్ ఉంది, 2013 జూలైలో టెలిగ్రామ్‌లే ఆపేశారు కదా, మా పిల్లలకి అదేంటో చెప్పడానికే అర గంట పట్టింది.

ఓరుగల్లు_పోరడు
చేతిరాత మంచిగ లేనోళ్ళ సంగతి చెప్తున్నా, నాలాంటోళ్ళది. తెలుగులో టైప్ చేసి ప్రింట్ వేసి కట్ చేసి అంటించండి. గూగుల్ ఫాంట్లలో తెలుగువి ఉచితంగా ఉన్నాయి, చిన్న రాతకు మండలి, హెడ్డింగులకు రామభద్ర, ధూర్జటి, సూరన్న, ఇట్ల పేర్లు. డిజైన్ యాప్‌లో తెలుగు పెట్టాక ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకోండి, కొన్నింటిలో ‘షష్టిపూర్తి’లో ఒత్తు విడిపోయి పక్కకు పడుతది. అట్లైతే వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో టైప్ చేసి పీడీఎఫ్ చేసి ప్రింట్ తీయండి.

పనిలో పని, మొత్తం పుస్తకం అయినాక ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి. అక్కాచెల్లెండ్లు, తమ్ముండ్లు అందరూ ‘నాకొకటి’ అంటారు చూడండి.

స్టూడియో_బాబాయ్
యూనికోడ్‌లో టైప్ చేసి స్టూడియోకి ఇస్తే మాత్రం పీడీఎఫ్‌గానే ఇవ్వండి. మా డిజైనర్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొడతారు, మీ మేటర్ అందులో అతికిస్తే గజిబిజి అవుతుంది, మళ్ళీ టైప్ చేయాలి, తప్పులు మా మీద పడతాయి.

ప్రింటు మ్యాట్ అడుగు, గ్లాసీ వద్దు. చేతులు తిరిగే పుస్తకం కాబట్టి గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి, ట్యూబ్‌లైటు మెరుస్తుంది, ముసలాళ్ళకి కనబడదు. ల్యాబ్‌లో ఫోటో పేపరు మీదే వేయించు, జిరాక్స్ షాపు కలర్ ప్రింటు కాదు. స్టిక్కర్లకి, రాతకి జిరాక్స్, ముఖాలకి ల్యాబ్.

గోదారిగట్టు
బాబాయ్ గారూ, అమ్మా నాన్నా తిరిగిన బస్సు టిక్కెట్లు, ఏటీఎం స్లిప్ మీద నాన్న రాసుకున్న లెక్కలు, తిరుపతి లాడ్జి రసీదు, ఇలాంటివి కూడా ఉన్నాయి. లామినేషన్ చేయిస్తే ఉంటాయా?

స్టూడియో_బాబాయ్
ఆగు ఆగు, ఏటీఎం స్లిప్పు, ఇప్పటి మెషిన్ బస్ టిక్కెట్టు లామినేషన్‌కి ఇవ్వకు! అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం, లామినేటర్‌లో పెడితే మొత్తం నల్లగా వచ్చేస్తుంది. వేడి పెట్టకపోయినా రెండు మూడేళ్ళలో అక్షరాలు వాటంతట అవే వెలుస్తాయి. ముందు స్కాన్ చేసి ప్రింటు తీసి ఆ ప్రింటు అంటించు. పాత కాలం పంచ్ కొట్టిన రంగు కాగితం బస్ టిక్కెట్లు, అట్ట రైలు టిక్కెట్లు అయితే భయం లేదు.

పాతకాగితం
లామినేషన్ ఏ పాత కాగితానికీ వద్దు. ఒకసారి చేస్తే మళ్ళీ విడదీయలేం.

కత్తెర_జిగురు
బైండింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. గోదారి గారూ, కొన్న గట్టి బైండు పుస్తకంలో అంటించడం మొదలెడితే సగానికి వచ్చేసరికి పుస్తకం మూతపడదు, ముందు వైపు నోరు తెరుచుకుంటుంది, ఎందుకంటే వీపు దగ్గర మందం అలాగే ఉండి పేజీ మధ్యలో ఫోటోల మందం పెరుగుతుంది. రెండు దారులు. ఒకటి, విడి కాగితాలు పేజీలుగా చేసుకుని అన్నీ అయ్యాక వైరో బైండింగ్ చేయించడం, తీగ రింగు పేజీల మందం కంటే ఒక సైజు పెద్దది అడగండి. ఎడమ పక్క ఒక అంగుళం ఖాళీ వదిలి పెట్టండి ముందే, లేకపోతే రంధ్రాలు ఫోటోలోంచి పోతాయి. రెండోది, బైండింగ్ షాపులో చెప్పి పేజీకి పేజీకి మధ్య వీపు దగ్గర సన్న అట్ట పట్టీ పెట్టి కుట్టించడం, పాత పెళ్ళి ఆల్బమ్‌లలో ఉండేది అదే. అందంగా ఉంటుంది, ఖర్చెక్కువ, పేజీ మార్చలేం.

నా ఓటు వైరోకే. ఆఖరి నిమిషంలో మీ మేనత్త ఇంకో ఫోటో పట్టుకొచ్చి ‘ఇది లేదేంటే’ అంటుంది, పాత రింగు తీయించి, ఒక పేజీ దూర్చి, కొత్త రింగు వేయించొచ్చు.

గోదారిగట్టు
ఆవిడ కచ్చితంగా తెస్తుంది 😂 వైరోనే. నెగెటివ్‌లు దొరికాయి బాబాయ్ గారూ! అటక మీద కాదు, కుట్టుమిషను సొరుగులో. చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, సాగదీయొచ్చా?

స్టూడియో_బాబాయ్
లాగి సాగదీయకు, విరుగుతుంది. అంచులు మాత్రం పట్టుకో, వేలు బొమ్మ మీద పడకూడదు. ల్యాబ్‌వాడికి అలాగే ఇవ్వు, వాళ్ళ హోల్డర్‌లో పెడితే బల్లపరుపుగా ఉంటుంది. ఇచ్చేముందు ఎన్ని పట్టీలో రాయించుకుని చీటీ తీసుకో, మళ్ళీ వెనక్కి తెచ్చుకో.

ఇంకో ముఖ్య విషయం, టైము. పుష్యంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ల్యాబులు ఖాళీగా ఉంటాయి, పని నిదానంగా చేస్తారు. మాఘం వచ్చిందంటే పెళ్ళి ఆల్బమ్‌ల మీద పడతాం, నీ పాత నెగెటివ్‌లు బల్ల మీద పక్కకి పోతాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. సంక్రాంతి లోపు స్కాన్లూ ప్రింట్లూ అయిపోవాలి, అంటించేది తర్వాత తీరిగ్గా చేసుకో.

డాలస్_అక్క
బాబాయ్ గారూ, మా పుట్టింటివాళ్ళది కూడా తెనాలే. మా అమ్మ దగ్గర ఒక డబ్బా నిండా నెగెటివ్‌లు ఉన్నాయి, పంపిస్తే స్కాన్ చేసి డ్రైవ్‌లో పెడతారా?

స్టూడియో_బాబాయ్
పెడతానమ్మా, పుష్యంలోనే పంపించమను. డబ్బా మీద పేరు రాయమను.